తిరుపతిలో ఆరు నెలల టీబీ కోర్సు: నా అనుభవం

జులై 9న చివరి మాత్రలు మింగాను. పోయిన వారం గళ్ల (కఫం) పరీక్షలో ఏమీ లేదని తేలింది. ఈమధ్య తెలిసినవాళ్ల ద్వారా నంబర్ పట్టుకుని ఒకరిద్దరు ఫోన్ చేశారు. “అక్కా, టీబీకి ప్రభుత్వ ఆసుపత్రి మందులు వాడొచ్చా? పని చేస్తాయా?” అని గుసగుసగా అడిగారు. వాళ్లింట్లో వాళ్లకే వినపడకూడదని ఆ గొంతు చూస్తేనే తెలుస్తోంది. ఆర్నెల్ల కింద నేనూ అదే గొంతుతో అడిగినదాన్నే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

నేను గాంధీరోడ్డులో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తాను. పోయిన దీపావళి రద్దీలో దగ్గు మొదలైంది. టపాసుల పొగ అన్నారు, ఏసీ పడలేదన్నారు, కొత్త బట్టల దుమ్మన్నారు. నవంబరంతా సిరప్‌లతో గడిచింది. డిసెంబరుకు సాయంత్రమైతే సన్నగా జ్వరం, తెల్లవారుజామున జాకెట్ తడిసిపోయేంత చెమట. 53 కిలోలు ఉండేదాన్ని 46కి వచ్చాను. షాపులో పిల్లలేమో “అక్కా, భలే సన్నబడ్డావే, ఏం డైట్ చేస్తున్నావు?” అని అడిగేవాళ్లు. నేనూ కొంచెం మురిసిపోయానులెండి.

మొదట చూపించుకున్న క్లినిక్‌లో ఒక యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చారు. తగ్గకపోతే ఇంకోటి, దానికంటే ఖరీదుది. సంక్రాంతికి మా అమ్మ చూసి భయపడి వేరే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఎక్స్‌రే, సీటీ స్కాన్, రక్తపరీక్షలు. అప్పటికి అంతా కలిపి పద్నాలుగు వేలు దాటింది. ఆ రెండో డాక్టరు స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి పైభాగం చూపించి, “ఇది టీబీలా ఉందమ్మా. గళ్ల పరీక్ష బయట చేయిస్తే రెండు వేల పైనే అవుతుంది, మీ ఏరియా అర్బన్ ఆసుపత్రిలో ఊరికే చేస్తారు. మందులు కూడా అక్కడివే వాడు, నా దగ్గరికి రావద్దు” అన్నారు. తన దగ్గరికి రావద్దని చెప్పిన డాక్టర్ని నేను చూడటం అదే మొదలు. టీబీ కేసు ఎవరి దగ్గర బయటపడినా, ప్రైవేటు వాళ్లయినా సరే, ప్రభుత్వానికి చెప్పి తీరాలని అప్పుడే తెలిసింది.

ఆ రాత్రి ఇంట్లో జబ్బు గురించి కాదు, ఆసుపత్రి గురించి గొడవ. మా ఇంట్లో ఆర్టీసీ బస్సు తప్ప ప్రభుత్వానిదేదీ వాడం. రేషన్ బియ్యం తెచ్చుకుంటాం, అదీ దోసెల పిండికి. నా కాన్పు ప్రైవేటులోనే అయింది. “అప్పో సప్పో చేసి మంచి ఆసుపత్రికే పోదాం” అన్నాడు మా ఆయన. ఆరు నెలల మందులంటే ఎంతవుతుందో లెక్క వేసుకుని చివరికి నేనే, ఒక్కసారి పోయి చూద్దాం అన్నాను. నమ్మకం ఉండి కాదు.

జనవరి 21, మంగళవారం. ఎనిమిదిన్నరకే వెళ్లి ఓపీ చీటీ తీసుకున్నాం. డాక్టరమ్మ వచ్చేసరికి పదికి ఇరవై నిమిషాలు తక్కువ. బాత్రూంలో నీళ్లు లేవు. ఇవన్నీ అనుకున్నవే. అనుకోనిది వేరే ఉంది. నా చీటీ చూసిన మనిషి గట్టిగా, “టీబీ అనుమానం వాళ్లు ఆ చివర నిలబడండమ్మా!” అన్నారు. లైన్ మొత్తం వెనక్కి తిరిగింది. మా వీధి కూరగాయలామె కూడా ఉంది అందులో. దూరంగా గాలి తగిలేచోట నిలబెట్టడం సరైన పనేనని ఇప్పుడు తెలుసు. కానీ ఆ మాట మెల్లగా చెప్పొచ్చు కదా. ఆ సంగతి నేను ఇప్పటికీ మరిచిపోలేదు, మరిచిపోవాలని కూడా లేదు.

లోపల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మూడు నిమిషాలకు మించి మాట్లాడలేదు గానీ ఆ మూడు నిమిషాల్లో అడగాల్సినవన్నీ అడిగింది. మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు రెండు చేతికిచ్చారు. ఒకటి అప్పటికప్పుడు, ఇంకోటి మర్నాడు పొద్దున లేవగానే. ఆరుబయట, గోడ వెనక్కి వెళ్లి ఇవ్వమన్నారు. నేనిచ్చింది చూసి ల్యాబ్ అతను డబ్బా వెలుతురుకెత్తి, “ఇది ఉమ్ము తల్లీ, గళ్ల కాదు” అని తిప్పి పంపేశాడు. మళ్లీ తనే బయటికొచ్చి, ఊపిరి బాగా లోపలికి తీసుకోవాలి, కాసేపు బిగబట్టాలి, రొమ్ము లోపల్నుంచి దగ్గాలి అని తను చేసి చూపించాడు. సీటీ స్కాన్ సెంటర్‌లో నాతో ఎవరూ ఇంతసేపు మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఫోన్. నేను చేయలేదు, వాళ్లే చేశారు. “రిపోర్ట్ వచ్చిందమ్మా, టీబీ ఉంది. మామూలు మందులకు లొంగే రకమే, భయం లేదు. రేపు మీ ఆయన్ని, పిల్లాడిని, అత్తగారిని కూడా తీసుకుని రండి. ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ తెచ్చుకోండి.” ముఖ్యమైన మందుకు లొంగుతుందో లేదో కూడా అదే గళ్లతో, అదే మిషన్‌లో తెలిసిపోతుందట. ట్రూనాట్ అంటారు. ఆ మిషన్ తయారుచేసేది గోవా కంపెనీయే అని తర్వాత ఆసుపత్రి టీబీ సూపర్‌వైజర్ గర్వంగా చెప్పాడు. ఫోన్ పెట్టేశాక నేను షాపు స్టోర్‌రూంలో చీరల కట్టల మధ్య కూర్చుని ఏడ్చాను. నా కోసం కాదు, నాలుగేళ్ల మా అబ్బోడి కోసం. రోజూ నా పక్కలోనే పడుకునేవాడు.

జనవరి 23న మందులు మొదలు. ముందే చెబుతున్నా, ఆ రోజు హెచ్ఐవీ పరీక్ష కూడా చేస్తారు. ఆ మాట వినగానే మా ఆయన మొహం పాలిపోయింది. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ హెచ్ఐవీ, షుగర్ రెండూ చేస్తారు, అనుమానం ఉండి కాదు. నాకు రెండూ లేవు. తర్వాత బరువు చూశారు. మాత్రల లెక్క బరువును బట్టే. నా 46 కిలోలకు రోజుకు మూడు. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి.

టీబీ సూపర్‌వైజర్ నడివయసు మనిషి, మాటకారి. ఆయన చెప్పినవి చాలా పనికొచ్చాయి. “రేపు బాత్రూంలో నారింజ రంగు చూసి కేకలు పెట్టొద్దు, అది మాత్ర రంగే.” “కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, రంగులు తేడాగా కనిపించినా అదే రోజు రావాలి.” “అరికాళ్లలో తిమ్మిరి వస్తే విటమిన్ మాత్ర ఇస్తాం.” ఇంకోటి, నన్ను పక్కకు పిలిచి నర్సమ్మతో చెప్పించారు. పిల్లలు పుట్టకుండా మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ మందులతో అవి సరిగ్గా పని చేయవు, వేరే పద్ధతి చూసుకోవాలని. ఇది తెలియక ఇబ్బంది పడేవాళ్లు ఎంతమంది ఉంటారో.

అబ్బోడికి ఎక్స్‌రే తీసి జబ్బు లేదన్నారు. అయినా ఐదేళ్ల లోపు పిల్లలకు ముందుజాగ్రత్తగా ఆరు నెలలు రోజూ మాత్ర వేయాలి. పొడి చేసి నీళ్లలో కలిపి పట్టేదాన్ని, మింగించేసరికి ఇల్లంతా యుద్ధమే. మా ఆయనకు, అత్తకు వారానికోసారి వేసుకునే మాత్రలు మూడు నెలలకు రాసిచ్చారు. మా అత్త ససేమిరా అంది. “నాకేం రోగమని మింగాల?”

మా అత్తనీ తప్పు పట్టలేను. వాళ్ల చిన్నాయనకు టీబీ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో చేర్చారట. వందేళ్ల పైబడిన ఆసుపత్రి అది, ఈ చుట్టుపక్కల పెద్దోళ్లకు టీబీ అంటే ఇప్పటికీ ఆ పేరే. ఏడాదికి పైగా అక్కడే ఉండి నయమై వచ్చాడు. నయమై వచ్చినా ఊళ్లో ఆయనకు ఎవరూ చెంబుతో నీళ్లివ్వలేదట. చిన్నప్పుడు కళ్లారా చూసిన మనిషి మా అత్త. అందుకే నాకు రిపోర్ట్ వచ్చిన సాయంత్రమే నా కంచం, గ్లాసు వేరే పెట్టేసింది. ఒక్క మాట అనలేదు. గమ్మున పెట్టేసింది. అంటే బాగుండేది.

మాత్రలు వేసుకుంటున్నానో లేదో చూసే ఆశా కార్యకర్త, మా ఆశా అక్క, మా జీవితంలోకి వచ్చింది అప్పుడే. మూడు వీధుల అవతలే ఇల్లు. మొదటిరోజు గుమ్మంలో ఆమెను చూసి నేను అడిగింది ఒకటే. “అక్కా, ఆశా చీర కట్టుకుని రావద్దు, నలుగురూ చూస్తారు.” ఆమె ఏమీ అనుకోలేదు. “సరే అమ్మణ్ణీ, చీటీ డబ్బులకు వచ్చానని చెప్పుకో” అంది. అప్పట్నుంచి మామూలు చీరలో, చంకలో ఒక పాత నోటుబుక్కు పెట్టుకుని వచ్చేది. ఎదురింటామె ఒకసారి నన్ను పట్టుకుని “ఎంత చీటీ వేస్తున్నావు, నన్నూ చేర్పించు” అని అడిగింది కూడా.

కంచం సంగతి చూసి అక్క మా అత్త పక్కన చతికిలబడి కూర్చుంది. ఇది కంచాల్లో, గ్లాసుల్లో అంటుకునేది కాదు, దగ్గినప్పుడు గాల్లో వచ్చేదని చెప్పింది. మందులు మొదలుపెట్టిన రెండు వారాలకే ఇంకొకరికి అంటించడం బాగా తగ్గిపోతుందని, అంతవరకు మాస్కు వేసుకుని కిటికీలు తెరిచి పెట్టుకుంటే చాలని చెప్పింది. “మరి మా చిన్నాయన్ని ఎందుకు అంత దూరం పెట్టినారు?” అని అత్త. అక్కకు తెలియక సూపర్‌వైజర్‌కు ఫోన్ కలిపింది. ఆయన స్పీకర్‌లో చెప్పాడు. 1950ల చివర్లో మద్రాసులో కొంతమందిని శానిటోరియంలో, కొంతమందిని ఇంటి దగ్గరే ఉంచి అవే మందులిచ్చి చూశారట. ఇద్దరికీ ఒకేలా నయమైంది, ఇంట్లో వాళ్లకు అదనంగా అంటుకోవడం కూడా కనపడలేదు. ఆ తర్వాతే ప్రపంచమంతా ఇళ్ల దగ్గర మందులివ్వడం మొదలైందట. అత్త ఒప్పుకుందో లేదో గానీ మాత్ర మాత్రం వేసుకుంది.

మొదటి నెల చాలా కష్టం. పరగడుపున మింగితే కడుపులో తిప్పేది. డాక్టరమ్మను అడిగితే కొంచెం తిని వేసుకో, మానడం కంటే అది నయం అంది. రెండు ఇడ్లీలు తిని వేసుకుంటే నిలిచింది. ఫిబ్రవరిలో మోకాళ్లు, మణికట్లు పట్టేశాయి. ఆ నాలుగు మందుల్లో ఒకదానికి అది మామూలేనట. అన్నిటికంటే బాధ, మొహం చూస్తే బాగానే ఉన్నట్టు కనిపించడం. దగ్గు తగ్గిపోయింది, ఆకలి పుట్టింది, ఇంకా ఎందుకీ మాత్రలు అనిపించేది. సగంలో మానేసేవాళ్లు ఇక్కడే మానేస్తారట.

విసుగొచ్చి అమ్మవాళ్ల ఊరికి, పూతలపట్టు దగ్గరికి పోయాను. రెండో రోజు పొద్దున్నే గుమ్మం ముందు ఆ ఊరి ఆశా కార్యకర్త నిలబడి ఉంది. “తిరుపతి నుంచి ఫోన్ వచ్చింది, మాత్రలు తెచ్చుకున్నావా?” నాకు ఒళ్లు మండింది. అప్పు తీసుకుని పారిపోయినట్టు వెంటపడతారేంది అనుకున్నా. అమ్మ మాత్రం ఆమెకు ఊరిబిండి, సంగటి పెట్టి మరీ పంపింది.

ఆ మధ్యాహ్నం పడుకుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. నేను మొదట పోయిన క్లినిక్ వాళ్లు రెండు కోర్సులు రాశారు. నేను మూడోసారి పోలేదు. బతికున్నానో లేదో ఒక్క ఫోన్ లేదు. వాళ్లనీ అనేదేం లేదు, నేను వాళ్లకు పేషెంటుని, డబ్బిచ్చి పోతే చూస్తారు, పోకపోతే లేదు. ఇక్కడ అట్లా కాదు. నాకు నయం కావడం నా ఒక్కదాని అవసరం కాదు, నా అబ్బోడిది, షాపులో పిల్లలది, అదే కౌంటర్‌లో బిల్లు కట్టే యాత్రికులది. అందుకే వదిలిపెట్టరు. అమెరికాలో ఉన్న మా ఆడబిడ్డ ఫోన్‌లో మన ఆసుపత్రులను తిట్టినప్పుడు, అక్కడ టీబీ వస్తే ఎట్లా అని అడిగాను. కనుక్కుని చెప్పింది. అక్కడా కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ మనుషులే దగ్గరుండి మింగిస్తారట. ఇన్సూరెన్స్ గురించి అరగంట మొత్తుకునే మనిషి, ఆ రోజు ఆ ఊసెత్తలేదు.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. మందులు వాడినన్నాళ్లు తిండి కోసం నెలకు వెయ్యి రూపాయలు ఇస్తారు. 2024 నవంబరు ముందు వరకు 500 ఉండేదట. మూడు వేల చొప్పున రెండుసార్లు వేస్తారు. మొదటిది మందులు మొదలుపెట్టగానే పడాలి, నాకు మార్చి నెల సగమయ్యాక పడింది. నా అకౌంట్‌కు ఆధార్ సరిగ్గా లింక్ కాలేదని ఆసుపత్రి వాళ్లు, అయిందని బ్యాంకు వాళ్లు. ఆ రెండు చోట్లకూ తిరిగి తిరిగి మా ఆయన బండి పెట్రోలుకే కొంత పోయింది. మీరు మాత్రం మొదటి వారంలోనే బ్యాంకుకు పోయి, సబ్సిడీ డబ్బులు పడేలా ఆధార్ లింక్ అయిందా అని ఆ మాటే చెప్పి అడగండి. ఏప్రిల్‌లో ఒకసారి నెలకు బదులు వారానికే మాత్రలిచ్చారు, స్టాక్ రాలేదని. ఆ వారమంతా టెన్షన్. ఆరో రోజున అక్కే తెచ్చిచ్చింది. డబ్బు పడ్డాక గుడ్లు, పాలు, శనక్కాయలు, కొంచెం పప్పులకు సరిపోయింది.

రెండు నెలలయ్యాక మార్చి మూడో వారంలో మళ్లీ గళ్ల పరీక్ష. క్రిములు లేవు. బరువు 49. మాత్రలు నాలుగు మందులవి పోయి మూడు మందులవి వచ్చాయి, కడుపులో తిప్పడం కూడా పోయింది. షాపు ఓనర్ జీతం లేకుండా సెలవిచ్చి, తిరిగి రావాలంటే సర్టిఫికెట్ కావాలన్నాడు. డాక్టరమ్మ అక్కడికక్కడే రాసి సంతకం పెట్టింది, పైసా తీసుకోలేదు. ఉగాది రద్దీకి కౌంటర్‌లో ఉన్నాను. అంతవరకు పోయిన జీతం మాత్రం ఏ పథకంలోనూ రాదు, అది లెక్కలో వేసుకోండి.

మే నెలలో గంగజాతరకు ఇంటినిండా చుట్టాలు. అంబలి పోసే హడావుడిలో కంచాలన్నీ కలిసిపోయాయి. నా గ్లాసు ఏదో మా అత్తకే తెలియలేదు. జాతర అయ్యాక కూడా వేరు చేయలేదు.

జూన్‌లో రెండో మూడు వేలు అడగకుండానే పడ్డాయి. చివరి పరీక్ష రోజు బరువు 52. మా కేసు పూర్తయినందుకు ఆశా అక్కకు వచ్చేది వెయ్యి రూపాయలట. ఎండలో, వానలో ఆరు నెలలు తిరిగిన మనిషికి వెయ్యి! మన ఆసుపత్రుల మీద ఫిర్యాదు చేయాలంటే నేనైతే బాత్రూం నీళ్ల కంటే ముందు దీన్ని రాస్తాను.

కోర్సు అయిపోయినా వదల్లేదు. రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి చూపించుకోవాలి, నాది మళ్లీ జనవరిలో. ఎవరికైనా ఆసుపత్రికి పోవడానికి బెరుకుగా ఉంటే ముందు 1800 11 6666 కి ఫోన్ చేయండి, డబ్బు పడదు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే సిరప్‌ల మీద నెలలు గడపొద్దు.

మొన్న అక్క వస్తే మా షాపులో ఫాల్స్ కుట్టే అన్న సంగతి చెప్పాను. మూడు వారాలుగా దగ్గుతున్నాడు, అడిగితే దారపు దుమ్ము అంటాడు. మర్నాడు అక్క రెండు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. “ఉమ్ము కాదు, గళ్ల అని నువ్వే చెప్పాల” అంది. సోమవారం షాపుకు తీసుకెళ్తున్నా. ఆయన నన్ను తిడతాడేమో, చూడాలి.